పాత బైక్ ఇంజిన్‌కి కొత్త రకం ఆయిల్ సీళ్లు వేయడం ఎలా

కొత్త సీల్ వేసిన నెల తిరక్కుండానే అదే చోట మళ్లీ ఆయిల్ చెమ్మ కనిపిస్తే చాలామంది సీల్‌ని తిడతారు, ఈసారి ఇంకా మంచి రబ్బరు అని చెప్పి ఇంకోటి తెచ్చి వేస్తారు, అదీ కారుతుంది. తప్పు సీల్‌ది కాదు మరి. షాఫ్ట్ మీద గాడి పడి ఉంటుంది, లేదా బేరింగ్ అరిగి షాఫ్ట్ ఊగుతుంటుంది, లేదా బ్రీదర్ (ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే పైపు) మూసుకుపోయి క్రాంక్‌కేస్‌లో ఒత్తిడి పెరిగి ఎక్కడ సందు దొరికితే అక్కడ్నించి ఆయిల్‌ని బయటికి తోస్తుంటుంది. ఈ మూడూ చూడకుండా వైటాన్ (వేడికి బాగా ఆగే రబ్బరు) వేసినా వజ్రం వేసినా ఒకటే. అందుకే కింద రాసినదాంట్లో సగం సీల్ గురించి కాదు, సీల్ చుట్టూ ఉన్నవాటి గురించి.

ముందు ఇంజిన్ కడగండి, తర్వాతే విప్పండి

ఆయిల్ ఎక్కడ కనిపిస్తుందో అక్కడే కారుతోందని అనుకోకండి. బండి నడుస్తుంటే గాలికి అది వెనక్కి, కిందికి పాకుతుంది. రాకర్ బాక్స్ గాస్కెట్ దగ్గర పుట్టిన లీకు కిందికొచ్చి క్రాంక్‌కేస్ జాయింట్ దగ్గర చుక్కై వేలాడుతుంది, మనమేమో క్రాంక్ సీల్ పోయిందనుకుని ఇంజిన్ మొత్తం విప్పుతాం. ఇంజిన్‌ని డీగ్రీజర్‌తో శుభ్రంగా కడిగి, బాగా ఆరనిచ్చి, అనుమానం ఉన్న చోటల్లా టాల్కమ్ పౌడర్ పల్చగా చల్లండి. పది పదిహేను నిమిషాలు నడిపి ఆపి టార్చి వేసి చూడండి. తెల్లటి పౌడర్ మీద తడి గీత ఎక్కడ మొదలైందో అదే లీకు పుట్టిన చోటు.

కంటికి కనిపించని లీకులు కూడా ఉంటాయి. ప్రైమరీ చైన్‌కేస్‌లో ఆయిల్ లెవెల్ తగ్గాల్సింది పోయి పెరుగుతోందంటే డ్రైవ్ వైపు క్రాంక్ సీల్ దాటి ఇంజిన్ ఆయిల్ అటు వెళ్తోందని. ఇగ్నిషన్ పాయింట్లు జిడ్డుగా ఉండి మిస్‌ఫైర్ అవుతుంటే క్యామ్ చివర ఉన్న చిన్న సీల్ పోయిందని. పాత బ్రిటిష్ ట్విన్లలో, అంటే రెండు సిలిండర్ల ఇంజిన్లలో, ఇది మామూలే.

బ్రీదర్ సంగతి తేల్చుకోండి

పిస్టన్ కిందికి వచ్చినప్పుడల్లా దాని కింద ఉన్న గాలి ఎక్కడికో పోవాలి. 500 సీసీ సింగిల్‌లో ఒక్కో స్ట్రోక్‌కి 500 సీసీ గాలి కదులుతుంది. 360 డిగ్రీల క్రాంక్ ఉన్న 650 ట్విన్‌లో రెండు పిస్టన్లూ ఒకేసారి దిగుతాయి కాబట్టి 650 సీసీ మొత్తం ఒక్కసారే కిందికి వస్తుంది. ఆ గాలి బయటికి పోయే దారే బ్రీదర్. ఆ పైపు మడత పడినా, లోపల మడ్డి పేరుకున్నా, వన్‌వే వాల్వ్ అంటుకుపోయినా లోపల ఒత్తిడి నిలిచిపోతుంది. మామూలు లిప్ సీల్, అంటే షాఫ్ట్‌ని చుట్టి పట్టుకునే సన్నటి అంచు (లిప్) ఉన్న సీల్, అంత ఒత్తిడిని ఆపడానికి చేసింది కాదు.

పైపు ఊడదీసి నోటితో ఊది చూడండి, గాలి ఒకవైపే వెళ్లాలి. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా పైపు చివర వేలు పెడితే చిన్నగా తోస్తున్నట్టు తెలుస్తుంది. తోసినంత గట్టిగా లోపలికి కూడా లాగుతుంటే వాల్వ్ పని చేయడం లేదని అర్థం. రింగులు అరిగిపోయిన ఇంజిన్‌లో ఈ తోపు మరీ ఎక్కువగా, పొగతో కలిసి ఉంటుంది. అలాంటప్పుడు సీళ్ల మీద కాదు, ముందు సిలిండర్ మీద పని పెట్టుకోవాలి. అసలు బ్రీదరే చిన్నదిగా ఇచ్చిన ఇంజిన్లకి పైపులో రీడ్ వాల్వ్ (పల్చటి రేకుతో చేసిన వన్‌వే వాల్వ్) పెట్టుకుంటే చాలా తేడా వస్తుంది. నన్నడిగితే సీళ్లు మార్చడం కంటే ముందు చేయాల్సిన అప్‌గ్రేడ్ అదే.

డ్రై సంప్ ఇంజిన్లకి, అంటే ఆయిల్‌ని విడి ట్యాంకులో ఉంచే వాటికి, ఇంకో జబ్బుంది. బండి వారాల తరబడి నిలబడితే ట్యాంకులోని ఆయిల్ పంపు గుండా మెల్లగా క్రాంక్‌కేస్‌లోకి దిగిపోతుంది. అలాగే కిక్ కొట్టి స్టార్ట్ చేస్తే క్రాంక్ ఆ ఆయిల్‌లోనే తిరుగుతుంది, పొగ కమ్ముతుంది, కొత్త సీల్ అయినా సరే కారుతుంది. ఎక్కువ రోజులు ఆపిన బండికి ముందు సంప్ ప్లగ్ విప్పి ఎంత దిగిందో చూడండి. ట్యాంకులో లెవెల్ తగ్గిందని ఇంజిన్ నడపకుండానే పైనుంచి ఇంకాస్త పోసేస్తారు కొందరు, దాంతో వ్యవహారం ఇంకా ముదురుతుంది.

లోపల ఇప్పుడు ఏముందో చూడండి

పాత ఇంజిన్లలో సీల్ అనే పేరుతో నాలుగైదు రకాలు కనిపిస్తాయి. ఫెల్ట్ వాషర్ ఆయిల్‌ని ఆపదు, పీల్చుకుంటుంది, నిండాక వదిలేస్తుంది. తోలు లిప్ ఉన్నవి ఎండితే గట్టిపడిపోతాయి. కొన్నిట్లో సీలే ఉండదు, షాఫ్ట్ మీద వెనక్కి తిప్పే మరలాంటి గాడి కోసి ఉంటుంది. షాఫ్ట్ తిరుగుతున్నంతసేపు అది ఆయిల్‌ని లోపలికే నెడుతుంది, ఆగితే మాత్రం దానికి పట్టు ఉండదు. తర్వాతి తరం బళ్లలో నైట్రైల్ రబ్బరు లిప్ సీళ్లు వచ్చాయి, అవి ఇప్పటికి రాయిలా గట్టిపడి ఉంటాయి.

ఫెల్ట్ ఉన్న చోట లిప్ సీల్ పట్టేంత లోతు ఉంటే మార్చడం తేలికే. మరగాడి ఉన్న షాఫ్ట్ మీద మాత్రం నేరుగా లిప్ సీల్ తొడగకండి, ఆ గాడి అంచులు లిప్‌ని రంపంలా కోసేస్తాయి. షాఫ్ట్ మీద స్లీవ్ (పల్చటి గొట్టం) తొడిగి నున్నటి పట్టు ఇస్తేనే పనికొస్తుంది. అయినా మరగాడి బాగా ఉండి, బేరింగ్ బాగుండి, బ్రీదర్ పని చేస్తుంటే దాని జోలికి పోవద్దనే నా మాట.

ఇక్కడే ఒక ముఖ్యమైన విషయం. ఫెల్ట్ వెనకో, బేరింగ్ వెనకో చాలా ఇంజిన్లలో సన్నటి రంధ్రం ఉంటుంది, అక్కడ చేరిన ఆయిల్ తిరిగి సంప్‌లోకి దిగడానికి. కొత్త సీల్ వెడల్పుగా ఉండి ఆ రంధ్రాన్ని మూసేసిందంటే సీల్ వెనక ఆయిల్ మడుగు కడుతుంది, ఎంత మంచి సీలైనా అప్పుడు ఆపలేదు. పాతది తీశాక సన్నటి తీగ పెట్టి ఆ రంధ్రం తెరుచుకుని ఉందో లేదో చూడండి, కొత్త సీల్ దానికి ఎంత దూరంలో కూర్చుంటుందో కొలవండి.

సీల్ పెట్టడానికి చోటే లేని గేర్‌బాక్స్‌లకి ఇంకో ఉపాయం ఉంది. మామూలు తెరిచిన బేరింగ్ బదులు అదే నంబర్‌లో సీల్ ఉన్న బేరింగ్, ఉదాహరణకి 6203 బదులు 6203-2ఆర్‌ఎస్, తీసుకుని లోపలి వైపు రబ్బరు మూత జాగ్రత్తగా ఊడబెరికి, బయటి మూత ఉంచేసి బిగించండి. కొలత మారదు, 17×40×12 మిల్లీమీటర్లే. లోపల్నించి గేర్ ఆయిల్ బేరింగ్‌కి అందుతుంది, బయటి మూత చాలావరకు ఆపేస్తుంది. ఆ మూత గ్రీజుని ఆపడానికి చేసింది కాబట్టి ఒత్తిడి ఉన్న చోట దీన్ని నమ్ముకోకండి, ఆయిల్ చిమ్మే చోటికి మాత్రం సరిపోతుంది.

కొలతలు

సీల్ మీద 25×40×7 అని ఉంటే షాఫ్ట్ 25, హౌసింగ్ (సీల్ కూర్చునే గుంత) 40, వెడల్పు 7 మిల్లీమీటర్లు. పాత సీల్ మీద నంబర్ చూసి అంతటితో వదిలేయకండి, ముందు ఎవరో చేతికి దొరికింది పెట్టి ఉండొచ్చు. షాఫ్ట్‌నీ హౌసింగ్‌నీ మైక్రోమీటర్‌తోనో వెర్నియర్‌తోనో రెండు మూడు చోట్ల కొలవండి.

పాత బ్రిటిష్, అమెరికన్ ఇంజిన్లు అంగుళాల్లో ఉంటాయి. ఒక అంగుళం షాఫ్ట్ అంటే 25.4 మిల్లీమీటర్లు. దానికి 25 సీల్ తొడిగితే ఎక్కుతుంది, కానీ లిప్ బిగువై వేడెక్కి తొందరగా అరుగుతుంది. 26 అయితే వదులు. బయటి కొలత ఇంకా ఇబ్బంది పెడుతుంది: ఒకటీ అయిదు బై ఎనిమిది అంగుళాల హౌసింగ్ అంటే 41.275 మిల్లీమీటర్లు, దాంట్లోకి 42 సీల్ సుత్తితో కొట్టి దించితే సీల్ వంకర పోతుంది, లేదంటే అల్యూమినియం చిట్లుతుంది. అంగుళాల సైజుల్లో సీళ్లు దొరుకుతాయి, అవే వెతకండి. దొరక్కపోతే లేత్ మీద ఒక రింగు తిప్పించి హౌసింగ్‌లో బిగించి, అందులో మిల్లీమీటర్ సీల్ కూర్చోబెట్టడం మర్యాదైన పద్ధతి.

అక్షరాలు కూడా చూడండి. ఎస్‌సీ అంటే సాధారణంగా ఒక్క లిప్, టీసీ అంటే దాంతోపాటు బయట దుమ్ము ఆపే ఇంకో లిప్. చైన్ స్ప్రాకెట్ దగ్గర మట్టి పడే చోట టీసీ మంచిది. లిప్ మీద సన్నటి ఏటవాలు గీతలు, ఒక బాణం గుర్తు ఉంటే అది షాఫ్ట్ తిరిగే దిశకి సరిపోవాలి. ఆ గీతలు ఆయిల్‌ని లోపలికి పంపు చేస్తాయి, తిరగేసి తిరిగే షాఫ్ట్‌కి పెడితే బయటికి పంపు చేస్తాయి!

ఏ రబ్బరు

నైట్రైల్, అంటే ఎన్‌బీఆర్, సుమారు 100 డిగ్రీల సెల్సియస్ దాకా హాయిగా పని చేస్తుంది. ఆ పైన ఎక్కువసేపు ఉంటే గట్టిపడుతుంది. పాలీయాక్రిలేట్ సుమారు 150 వరకు. ఎఫ్‌కేఎం, మనం వైటాన్ అని పిలిచేది, 200 వరకు తట్టుకుంటుంది. ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కి కూడా నైట్రైల్ కంటే బాగా నిలబడుతుంది. సిలికాన్ వేడికి ఆగుతుంది గానీ పెట్రోల్ తగిలే చోట పనికిరాదు. మరీ చల్లటి చోట ఎఫ్‌కేఎం మైనస్ 20 దగ్గర బిగుసుకుంటుంది, నైట్రైల్ ఇంకా కిందికి వెళ్తుంది.

వేడితోపాటు వేగం కూడా లెక్కే. 25 మిల్లీమీటర్ల షాఫ్ట్ నిమిషానికి 6000 చుట్లు తిరుగుతుంటే లిప్ కింద ఉపరితలం సెకనుకి దాదాపు 7.85 మీటర్లు జారుతుంది. ఆ రాపిడికి లిప్ కొస దగ్గర వేడి ఆయిల్ వేడి కంటే ఎక్కువే ఉంటుంది. అందుకే క్రాంక్ సీళ్లకి ఎఫ్‌కేఎం పెట్టండి, టూ స్ట్రోక్ అయితే తప్పకుండా పెట్టండి. గేర్ లివర్ షాఫ్ట్, కిక్ షాఫ్ట్ లాంటివి తిరిగేదే తక్కువ, అక్కడ నైట్రైల్ చాలు. అన్నిటికీ వైటానే కావాలని పట్టుబట్టడం అనవసరం.

రంగు చూసి కొనకండి. నైట్రైల్ ఎక్కువగా నలుపు, ఎఫ్‌కేఎం ఎక్కువగా గోధుమరంగు అన్నమాట నిజమే, కానీ రంగు ఎవరైనా కలపొచ్చు. సీల్ మీద ఎఫ్‌కేఎం అనో ఎఫ్‌పీఎం అనో అచ్చు ఉందా చూడండి. ఎఫ్‌కేఎంని ఎసిటోన్‌తోనూ థిన్నర్‌తోనూ తుడవకండి, ఉబ్బిపోతుంది. ఇంకో జాగ్రత్త: ఇంజిన్ తగలబడో, టార్చ్ మంట తగిలో ఎఫ్‌కేఎం మాడిపోయి ఉంటే దాన్ని ఉత్త చేతుల్తో ముట్టుకోవద్దు. 300 డిగ్రీలు దాటి కాలితే దాన్నుంచి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుడుతుంది, అది చర్మం లోపలికి దిగి కాలుస్తుంది.

పాతది తీయడం

విప్పే ముందు ఫోటో తీయండి. సీల్ హౌసింగ్ అంచు నుంచి ఎంత లోపలికి ఉందో వెర్నియర్ తోకతో కొలిచి రాసుకోండి, ఏ ముఖం బయటికి ఉందో కూడా.

స్క్రూడ్రైవర్ పెట్టి హౌసింగ్ అంచు మీద ఆనించి ఎత్తడం అందరికీ అలవాటు. అల్యూమినియం మీద ఒక్క గీత పడితే చాలు, కొత్త సీల్ బయటి అంచు పక్కనుంచి ఆయిల్ వస్తుంది. దానికంటే సీల్ ముఖం మీద ఎదురెదురుగా రెండు చిన్న రంధ్రాలు వేసి (డ్రిల్ బిట్‌కి గ్రీజు పూస్తే రవ్వ లోపలికి పడదు, వెనక బేరింగ్ ఉందని మర్చిపోకండి), సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూలు తిప్పి, ప్లయర్‌తో అటూ ఇటూ సమంగా లాగండి. రాకపోతే కేస్‌ని హాట్ గన్‌తో కాస్త వేడి చేయండి.

కొన్ని సీళ్ల చుట్టూ రబ్బరు పట్టీ ఉబ్బెత్తుగా ఉండి, రెండు క్రాంక్‌కేస్ సగాల మధ్య ఉన్న గాడిలో ఇరుక్కుని ఉంటుంది. వాటిని బయట్నించి పీకి, కొత్తవి బయట్నించి తోయలేరు. ఇంజిన్ చీల్చాల్సిందే. పట్టీ కోసేసి దించే షార్ట్‌కట్ చాలామంది చెప్తారు, అది తర్వాత ఎప్పుడో ఊడి బయటికొస్తుంది.

షాఫ్ట్

పాత లిప్ నడిచిన చోట మెరిసే గీత కనిపిస్తుంది. గోరు అడ్డంగా గీయండి. గోరు తగలకపోతే పర్వాలేదు, తగిలి ఆగితే ఆ గాడిలో కొత్త లిప్ నిలబడదు.

తేలికైన మందు ఏమిటంటే కొత్త సీల్‌ని పాత చోటు కంటే ఒకటి రెండు మిల్లీమీటర్లు ఇటో అటో కూర్చోబెట్టడం, హౌసింగ్ లోతు, ముందు చెప్పిన ఆయిల్ దిగే రంధ్రం సంగతి ఒప్పుకుంటే. లేదంటే తక్కువ వెడల్పు సీల్ తీసుకోండి. అదీ కుదరకపోతే పల్చటి స్టీల్ స్లీవ్ తొడగండి. ఈ పని కోసమే అమ్మే స్లీవ్‌ల గోడ పావు మిల్లీమీటరు పైన కొంచెం ఉంటుంది, పాత కొలత సీలే సరిపోతుంది. గాడి లోతుగా ఉంటే ముందు దాన్ని లోహం కలిసిన ఎపాక్సీతో నింపి, అది గట్టిపడక ముందే స్లీవ్ దించండి.

తుప్పు మచ్చలుంటే 400, తర్వాత 600 ఎమరీ పేపర్ ఆయిల్‌తో షాఫ్ట్ చుట్టూ తిప్పి రుద్దండి. పొడవుగా రుద్దకండి, ఏటవాలుగా అసలే వద్దు, ఆ గీతలు స్క్రూ మరలాగా పని చేసి ఆయిల్‌ని బయటికి నడిపిస్తాయి. పని అయ్యాక ప్రతి రవ్వా కడగాలి.

డయల్ గేజ్ పెట్టి షాఫ్ట్ తిప్పి చూడండి, పైకీ కిందికీ ఎత్తి కూడా చూడండి. సీల్ కూర్చునే చోట పదో వంతు మిల్లీమీటరు దాటి ఊగుతుంటే నేనైతే సీల్ సంగతి పక్కన పెట్టి బేరింగ్ మారుస్తాను. చేత్తో ఎత్తితే టక్ టక్‌మని తెలిసే షాఫ్ట్‌కి గేజ్ కూడా అక్కర్లేదు.

కూర్చోబెట్టడం

బేరింగ్ కూడా మారుస్తుంటే కేస్ వేడి చేసి బేరింగ్ ముందు దించండి, కేస్ చల్లారాకే సీల్. వేడి కేస్‌లోకి నైట్రైల్ దించితే వేయకముందే దాని ఆయుష్షు తీసినట్టే.

హౌసింగ్ అంచున బర్ (పొడుచుకొచ్చిన లోహపు ముక్క) ఉంటే సన్నటి పేపర్‌తో తీసేయండి. స్ప్రింగ్ కనిపించే ముఖం ఆయిల్ వైపు, ఒత్తిడి వైపు ఉండాలి. లిప్‌కి గ్రీజు పూయండి, రెండు లిప్‌లుంటే మధ్యలో కూడా కొంచెం నింపండి. ఇది మర్చిపోతే మొదటి నిమిషంలోనే లిప్ పొడిగా తిరిగి మాడుతుంది, తర్వాత ఏ ఆయిల్ పోసినా అది బాగుపడదు. స్ప్రింగ్ గాడిలోంచి జారకుండా కూడా ఆ గ్రీజే పట్టుకుంటుంది.

షాఫ్ట్ మీద కీ వే, స్ప్లైన్, మర ఉంటే వాటి మీద పల్చటి ప్లాస్టిక్ షీట్ చుట్టండి, లేదా టేప్ వేసి గ్రీజు రాయండి. లిప్‌కి పడిన చిన్న కోత కంటికి కనిపించదు, బిగించాక ఆయిల్ చుక్కతోనే తెలుస్తుంది. సీల్ బయటి కొలతకి కొంచెమే తక్కువున్న సాకెట్ పెట్టి చుట్టూ సమంగా కొట్టండి. ఒక పక్క దిగి ఇంకో పక్క లేస్తే ఆపి, బయటికి తీసి, మళ్లీ మొదలుపెట్టండి, వంకరగా దిగినదాన్ని కొట్టి సరిచేయాలని చూడకండి. రాసుకున్న లోతు వచ్చాక నాలుగు చోట్ల కొలవండి.

బయటి అంచు రబ్బరుదైతే ఏమీ పూయక్కర్లేదు. ఇనుప అంచుదైతే గట్టిపడని సీలెంట్ చాలా పల్చగా. సిలికాన్ పేస్ట్ ముద్దలుగా పెడితే లోపలికి పిండిన ముక్క ఊడి ఆయిల్ దారిలో అడ్డుపడుతుంది.

ట్రయంఫ్ 650 యూనిట్ ట్విన్, నార్టన్ కమాండో లాంటి వాటిలో టైమింగ్ కవర్ లోపల క్రాంక్ చివరన ఒక సీల్ ఉంటుంది, దాని గురించి విడిగా చెప్పాలి. దాని పని బయటికి కారకుండా ఆపడం కాదు. పంపు నుంచి బిగ్ ఎండ్‌కి (కనెక్టింగ్ రాడ్ క్రాంక్‌ని పట్టుకునే చోటికి) వెళ్లే ఆయిల్ మొత్తం దాని గుండానే క్రాంక్‌లోకి వెళ్తుంది. అది మడత పడితే బయట ఒక్క చుక్క కూడా కనిపించదు, బిగ్ ఎండ్‌కి మాత్రం ఆయిల్ అందదు. కవర్ తొడిగేటప్పుడు క్రాంక్ ముక్కుకి కొస సన్నగా ఉన్న గైడ్ తొడిగి, ఆయిల్ రాసి, నిదానంగా నెట్టండి, సర్‌క్లిప్ గాడిలో పూర్తిగా కూర్చుందో లేదో ముందే చూడండి. కవర్ తీసిన ప్రతిసారీ ఈ సీల్ కొత్తది వేయడమే క్షేమం.

టూ స్ట్రోక్ అయితే

ఇక్కడ క్రాంక్‌కేసే పంపు. సీల్ ఒత్తిడినీ ఆపాలి, మరుక్షణం సక్షన్‌నీ ఆపాలి. క్లచ్ వైపు సీల్ పోతే గేర్‌బాక్స్ ఆయిల్‌ని లోపలికి పీల్చి పొగ కక్కుతుంది, గేర్ ఆయిల్ తగ్గుతుంటుంది, బయట ఎక్కడా లీకు ఉండదు. మాగ్నెట్ వైపు పోతే గాలి పీలుస్తుంది, మిక్చర్ లీన్ అవుతుంది (పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ), యాక్సిలరేటర్ వదిలినా ఆర్‌పీఎం వెంటనే దిగదు, కార్బ్యురేటర్ ఎంత ట్యూన్ చేసినా కుదరదు. అలాగే లాగిస్తే పిస్టన్ సీజ్ అవుతుంది. పొగ వచ్చే లీకు కంటే పొగ లేని ఈ లీకే ప్రమాదం. రెండు, మూడు సిలిండర్ల ఇంజిన్లలో సిలిండర్ల మధ్య కూడా సీళ్లుంటాయి, వాటికి క్రాంక్‌ని ప్రెస్ మీద విడదీయాలి, అది ఇంట్లో చేసే పని కాదు.

సీళ్లు వేశాక ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ రబ్బరు షీట్, ప్లేట్‌లతో మూసి, స్పార్క్ ప్లగ్ రంధ్రం నుంచి చేతి పంపుతో 6 పీఎస్ఐ, అంటే సుమారు 0.4 బార్ నింపండి. అంతకు మించి వద్దు, లిప్ తిరగబడుతుంది. నిమిషానికి 1 పీఎస్ఐ కంటే ఎక్కువ పడిపోతుంటే సబ్బు నీళ్లు పూసి బుడగ ఎక్కడో పట్టుకోండి. తర్వాత వ్యాక్యూమ్ పంపుతో అదే పరీక్ష మళ్లీ చేయండి, ఒత్తిడికి నిలబడి సక్షన్‌కి లీక్ అయ్యే సీళ్లుంటాయి.

స్టార్ట్ చేశాక

ఇగ్నిషన్ ఆపి కిక్‌తో కొన్నిసార్లు తిప్పి ఆయిల్ అందాకే స్టార్ట్ చేయండి. మొదటిసారి వేడెక్కేదాకా నడిపి, పూర్తిగా చల్లారనిచ్చి, టార్చి వేసి చూడండి. లిప్ దగ్గర మెరుపులా సన్నటి తడి ఉంటే టెన్షన్ పడకండి, అది గ్రీజు కావచ్చు, లిప్ కూడా షాఫ్ట్‌కి కుదురుకోవాలి. తుడిచి మళ్లీ నడపండి. చుక్క కట్టి రాలుతుంటేనే విప్పాల్సిన పని. చైన్‌కేస్, గేర్‌బాక్స్ లెవెల్స్‌కి గుర్తు పెట్టుకుని కొన్ని రైడ్‌ల తర్వాత అవి పెరిగాయో తగ్గాయో చూడండి.

అదనంగా కొన్న సీళ్లని మేకుకి తగిలించి ఉంచకండి, ఆ బరువుకే లిప్ గుండ్రం పోతుంది. కవర్ విప్పకుండా, ఎండ తగలని చోట, పడుకోబెట్టి ఉంచండి.